సఫారి బండి: కాలినడక నుండి విద్యుత్తు వరకు

ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగమున బోట్స్వానా అను దేశము కలదు. దాని ఉత్తరపు సరిహద్దున చోబే నది ప్రవహించుచున్నది. వర్షములు లేని నెలలలో అడవిలోని మడుగులు ఎండిపోగా, ఏనుగుల మందలు నీటి కొరకు ఈ నది ఒడ్డునకు దిగివచ్చును. 2014వ సంవత్సరమున ఈ నదీ తీరమునందలి జాతీయ వనములో చోబే గేమ్ లాడ్జి అను విడిదివారు యాత్రికులకు మృగములను చూపుటకై విద్యుత్ మోటారుతో నడచు బండిని, విద్యుత్ పడవను ప్రవేశపెట్టిరి. బండిలో ఇంజను లేదు, పొగగొట్టము లేదు. బండి కదలునపుడు టైర్ల క్రింద ఇసుక నలిగిన చప్పుడు మాత్రమే వినవచ్చును.

ఇది చూచుటకు చిన్న మార్పు. కాని సఫారి చరిత్రను మొదటి నుండి పరిశీలించినచో ఒక విషయము స్పష్టమగును. యాత్రికుని వాహనము మారినపుడెల్ల, అడవిలో మృగముల బ్రతుకు కూడ మారినది. ఆ మార్పు ఒకప్పుడు మృగములకు మేలు చేసినది, మరియొకప్పుడు కీడు చేసినది. ఏది జరిగినను దానిని నిర్ణయించినది యంత్రము ఒక్కటియే కాదు. ఆ యంత్రమును నడపుటకు మానవుడు పెట్టుకొన్న నియమములు కూడ.

మనుష్యులే వాహనములైన కాలము

సఫారి అను మాట స్వాహిలీ భాషలోనిది. దాని అర్థము ప్రయాణము. అరబ్బీ భాషలోని 'సఫర్' అను పదమే తూర్పు ఆఫ్రికా తీరమున సఫారి అయినది. ఆ పదమే ఉర్దూ ద్వారా మన దేశమునకును వచ్చినది కనుక, 'సఫరు' అను మాట ఎరిగిన తెలుగువారికి ఇది దూరపు చుట్టము వంటిది. మొదట ఈ మాటకు వేటతో గాని విహారముతో గాని సంబంధము లేదు. సముద్ర తీరము నుండి లోపలి ప్రాంతములకు పోయి ఏనుగు దంతములను, బానిసలను కొనితెచ్చు వర్తకుల బిడారులకు కూడ అదియే పేరు.

ఈ బిడారులలో బండ్లు అరుదు, గుర్రములు అరుదు. బరువులను మనుష్యులే తలపై మోసిరి. ఒక్కొక్క కూలీ మోయు బరువు సుమారు 60 పౌనులు, అనగా 27 కిలోగ్రాములు. ఎద్దులు, గుర్రములు ఉండగా మనుష్యులు మోయుట ఏలయని ప్రశ్న పుట్టును. దీనికి సమాధానము ఒక ఈగలో ఉన్నది. ఆఫ్రికాలోని పొదల భూములలో ట్సెట్సీ అను ఈగ నివసించును. అది కుట్టిన పశువులు కొలది వారములలో చిక్కి శల్యమై చనిపోవును. ఇందుకు కారణము ఈగ విషము కాదనియు, అది ఒక పశువు రక్తము నుండి మరియొక పశువు రక్తమునకు చేరవేయు ట్రిపనసోము అను సూక్ష్మజీవి యనియు 1895 ప్రాంతమున డేవిడ్ బ్రూస్ అను సైనిక వైద్యుడు దక్షిణాఫ్రికాలోని జులూలాండులో కనుగొనెను. పశువులు బ్రతుకజాలని చోట మనుష్యుని తలయే బండి అయినది.

కాలినడక సఫారి నెమ్మదిగా సాగెడిది. దినమునకు కొలది మైళ్లు మాత్రమే నడువగలిగిరి. అడవి విశాలము, మనుష్యుని అడుగు చిన్నది. తుపాకి ఎంత బలమైనదైనను, ఈ నెమ్మదితనమే మృగములకు కొంత రక్షణగా ఉండెను.

రైలు మార్గము, రూజ్వెల్టు యాత్ర

ఆ రక్షణను మొదట తగ్గించినది రైలు. బ్రిటిషువారు 1896లో హిందూ మహాసముద్ర తీరమందలి మొంబాసా రేవు నుండి ఉగాండా రైలు మార్గమును వేయ నారంభించిరి. అది 1899లో నేటి నైరోబి ఉన్న చోటికి, 1901లో విక్టోరియా సరస్సు తీరమునకు చేరెను. ఈ పనికి భారతదేశము నుండి సుమారు 32,000 మంది కూలీలను తీసికొనిపోయిరి. వారిలో పెక్కుమంది పంజాబు ప్రాంతమువారు. సుమారు 2,500 మంది రోగములచేతను, ప్రమాదములచేతను మరణించిరి. 1898లో సావో నదిపై వంతెన కట్టునపుడు రెండు సింహములు పనివారిని వరుసగా పట్టి తిన్న సంగతి లోక ప్రసిద్ధము. నేడు యాత్రికులు విమానము దిగు నైరోబి నగరము ఈ కూలీల శ్రమ వలన వెలసిన రైలు మజిలీ నుండి పెరిగినదే.

రైలు వచ్చిన పిమ్మట ధనవంతులైన వేటగాండ్రు ఐరోపా నుండియు, అమెరికా నుండియు వచ్చుట సులభమయ్యెను. వారిలో పేరు గాంచినవాడు థియొడోర్ రూజ్వెల్టు. అతడు అమెరికా అధ్యక్ష పదవి నుండి దిగిన కొలది వారములకే, 1909 ఏప్రిల్ మాసమున, మొంబాసాలో అడుగు పెట్టెను. రైలింజను ముందు భాగమున అమర్చిన బల్లపై కూర్చుండి మైదానములలోని జంతువులను చూచుచు పోయెను. రైలు దిగిన తరువాత అతని వెంట నడచిన కూలీలు, సహాయకులు సుమారు 250 మంది.

ఆ యాత్ర వాషింగ్టన్ నగరమందలి స్మిత్సోనియన్ సంస్థ కొరకు జరిగినది. అందు సేకరించిన నమూనాలు మొత్తము సుమారు 11,400. వీటిలో అధిక భాగము చిన్న ప్రాణులు. రూజ్వెల్టును, అతని కుమారుడు కెర్మిటును తమ తుపాకులతో కొట్టిన జంతువులు 512. శాస్త్ర పరిశోధనకు ఈ సేకరణ ఉపయోగపడినమాట నిజమే. కాని ఆ యాత్ర వార్తలను చదివిన వేలాదిమందికి సఫారి యనిన వేట అను అర్థమే మనస్సున నిలిచినది.

మోటారు బండి తెచ్చిన ముప్పు

మొదటి ప్రపంచ యుద్ధానంతరము తూర్పు ఆఫ్రికాకు మోటారు బండ్లు విరివిగా వచ్చెను. అమెరికాలో తయారైన బండి చట్రమును తెచ్చి, నైరోబిలో దానిపై కొయ్య పెట్టె వంటి పై భాగమును కట్టించి, వేటకు ఉపయోగించుచుండిరి. మోటారు బండికి ట్సెట్సీ ఈగ భయము లేదు. మనుష్యులు దినములు నడచిన దూరమును అది గంటలలో దాటగలదు.

బహిరంగ మైదానమైన సెరెంగెటిలో దీని ఫలితము త్వరలోనే కనబడెను. సింహములు కాలినడకను వచ్చు మనుష్యుని చూచి జాగ్రత్తపడును గాని, మోటారు బండిని శత్రువుగా గుర్తింపవు. అందుచే బండిలో కూర్చున్నవాడు కొలది గజముల దూరము నుండి, తనకు ఏ అపాయమును లేకుండ, సింహమును కాల్చగలిగెను. ఇట్టి వేటను నాటి వృత్తి వేటగాండ్రలోనే కొందరు అసహ్యించుకొనిరి. డెనిస్ ఫించ్ హాటన్ అను వేటగాడు లండను 'టైమ్స్' పత్రికలో దీనిని నిరసించుచు వ్రాసెను. అక్కడి ప్రభుత్వము 1921లో సెరెంగెటిలో ఒక చిన్న భాగమును రక్షిత ప్రదేశముగా చేసి, 1929లో దానికి పూర్తి రక్షణ కల్పించెను. 1951లో అది జాతీయ వనమయ్యెను.

1933 నవంబరులో లండనులో ఆఫ్రికా జంతువులను, వృక్షములను రక్షించుటకై వివిధ రాజ్యములు ఒక ఒడంబడిక చేసికొనెను. మోటారు బండిపై నుండి గాని విమానముపై నుండి గాని జంతువులను వేటాడరాదని అందు ఒక నిబంధన కలదు. అంతమాత్రమే కాదు. ఛాయాచిత్రములు, చలనచిత్రములు తీయుట కొరకైనను వాటిని వాహనములతో తరుమరాదు, చెదరగొట్టరాదు, కలతపెట్టరాదు అని ఆ నిబంధన చెప్పుచున్నది. కెమేరా పట్టినవాడు తుపాకి పట్టినవానివలె చంపకపోయినను హాని చేయగలడని 90 సంవత్సరములకు పూర్వమే గ్రహించిరన్నమాట. ఈ సంగతి నేటి విద్యుద్వాహనముల విషయమున మరల జ్ఞప్తికి రావలసియున్నది.

కెమేరా, ల్యాండ్ రోవరు

దక్షిణాఫ్రికాలో క్రూగర్ జాతీయ వనము 1926లో ఏర్పడెను. మరుసటి సంవత్సరము యాత్రికులకు ద్వారములు తెరువగా, ఆ యేడు లోనికి వచ్చినవి మూడు మోటారు బండ్లు మాత్రమే. 1928లో వచ్చినవి సుమారు 180. చంపుటకు కాక చూచుటకు వచ్చువారు ఈ విధముగ పెరుగసాగిరి. కెన్యాలో నైరోబి జాతీయ వనము 1946లో వెలసెను. ఆ దేశ ప్రభుత్వము 1977లో మృగయా వినోదమును పూర్తిగా నిషేధించెను. అప్పటి నుండి అక్కడ సఫారి యనగా చూచుటయే.

చూచుటకు వచ్చువారిని మోసిన బండ్లలో ముఖ్యమైనది ల్యాండ్ రోవరు. ఇంగ్లండులోని రోవర్ కంపెనీ దీనిని 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ నగర ప్రదర్శనలో మొదటిసారి చూపెను. యుద్ధానంతరము ఉక్కు కొరతగా నుండుటచే దాని పై భాగమును అల్యూమినియం మిశ్రలోహముతో చేసిరి. నాలుగు చక్రములకును శక్తి అందుటచే అది బురదలోను, ఇసుకలోను, రాళ్లలోను నడచెను. పాడైనచో చిన్న పనిముట్లతో అడవిలోనే బాగుచేసికొనవచ్చును. తరువాత జపానువారి ల్యాండ్ క్రూయిజరు దానికి పోటీగా వచ్చెను. ఈ రెండు రకముల బండ్లును డీజిల్ ఇంజనులతో దశాబ్దముల తరబడి సఫారి ప్రపంచమును ఏలెను. వీటి పై కప్పు తీసివేసి, మెట్లు మెట్లుగా ఆసనములు అమర్చినచో ఎనిమిది, తొమ్మిదిమంది యాత్రికులు నలుదిక్కుల చూడవచ్చును.

అయితే చూచుటకు వచ్చినవారు వినుట మరచిరి. డీజిల్ ఇంజను గడగడ మ్రోగుచుండగా పక్షి కూత వినబడదు, దూరపు సింహ గర్జన వినబడదు. ఇంజను ఆపినచో నిశ్శబ్దము దొరకును. కాని తిరిగి నడిపించునపుడు కలుగు చప్పుడునకు దగ్గరనున్న జంతువు ఉలికిపడును. అందుచే ఇంజను ఆపవలెనా, ఆపకుండ ఉంచవలెనా అనునది బండి నడపు మార్గదర్శికి నిత్యము ఎదురగు చిక్కు.

ఇంజను ధ్వని, ఏనుగు ధ్వని

ఈ చప్పుడు యాత్రికునికి మాత్రమే సంబంధించినది కాదని 1980 తరువాత జరిగిన పరిశోధనలు సూచించినవి. 1984లో కేటీ పెయిన్ అను అమెరికా శాస్త్రజ్ఞురాలు పోర్ట్‌లండ్ నగర జంతుశాలలో ఏనుగుల దగ్గర నిలిచియుండగా, చెవికి ఏమియు వినబడకున్నను గాలిలో ఏదో అదరుచున్నట్లు ఆమెకు తోచెను. తరువాత ఆమెయు, సహచరులును ప్రత్యేక పరికరములతో నమోదు చేసి చూడగా, ఏనుగులు అతి మంద్రమైన ధ్వనులతో ఒకదానితో ఒకటి మాటలాడుకొనుచున్నవని తేలినది. ఈ ధ్వనుల పౌనఃపున్యము సెకనుకు సుమారు 14 మొదలు 35 కంపనముల వరకు ఉండును. మానవుని చెవికి సెకనుకు 20 కంపనములకు తక్కువైన ధ్వని వినబడదు. అట్టి వాటికి పరశ్రావ్యములని పేరు. మంద్ర ధ్వనులు గాలిలో త్వరగా అణగిపోవు కనుక ఏనుగుల పిలుపు కొన్ని కిలోమీటర్ల దూరము పోగలదు.

ఇప్పుడు విద్యార్థులు ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చును. నాలుగు సిలిండర్లు గల నాలుగు ఘాతముల ఇంజనులో, ఇరుసు రెండు చుట్లు తిరుగులోపల ప్రతి సిలిండరులోను ఒక్కొక్కసారి ఇంధనము మండును. అనగా ఇరుసు ఒక్క చుట్టు తిరుగులోపల రెండు పేలుళ్లు జరుగును. బండి నిలిచియుండగా ఇంజను నిమిషమునకు 750 చుట్లు తిరుగుచున్నదనుకొందము. అది సెకనుకు పన్నెండున్నర చుట్లు. కనుక సెకనుకు పేలుళ్లు 25. ఈ సంఖ్య ఏనుగుల ధ్వనుల హద్దులైన 14కును 35కును నడుమ పడుచున్నది.

ఇంతమాత్రముచే నిలిచిన బండి ఏనుగుల సంభాషణమును చెరచునని రుజువైనట్లు కాదు. దూరమును బట్టి, గాలిని బట్టి, ఇంజను నిర్మాణమును బట్టి ప్రభావము మారును. కాని వినుటయే ప్రాణాధారమైన ప్రపంచములోనికి మానవుడు ఏ స్థాయిలో ధ్వనిని తీసికొనిపోవుచున్నాడో ఈ లెక్క తెలుపును. జింక పులుగడుగు చప్పుడును వినవలెను. తల్లి ఏనుగు దారి తప్పిన గున్న అరపును వినవలెను.

విద్యుద్వాహనము ఆలస్యమగుటకు కారణము

విద్యుత్తుతో నడచు బండి నేటి ఆలోచన కాదు. 1859లో గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మరల మరల విద్యుత్తు ఎక్కించుటకు వీలగు సీసపు పలకల ఘటమును నిర్మించెను. 1899లో కామిల్ జెనాట్జీ అను బెల్జియం దేశీయుడు విద్యుత్ బండిలోనే గంటకు 100 కిలోమీటర్ల వేగమును దాటెను. అంతకు ముందు ఏ మోటారు బండియు ఆ వేగమును అందుకొనలేదు. రూజ్వెల్టు వేటకు పోయిన నాటికి అమెరికా నగరములలో విద్యుత్ బండ్లు అనేకము తిరుగుచుండెను.

అవి అడవికి పోలేకపోవుటకు కారణము బరువు. ఒక కిలోగ్రాము పెట్రోలులో సుమారు 12,000 వాట్-గంటల శక్తి ఇమిడియున్నది. ఒక కిలోగ్రాము సీసపు ఘటములో 30 నుండి 40 వాట్-గంటలు మాత్రమే. ఇంజను ఇంధన శక్తిలో అధిక భాగమును వేడిగా వృథా చేసినను, ఈ భేదము పూడదు. పైగా చేతితో త్రిప్పి ఇంజనును నడిపించు కష్టము 1912లో కాడిలాక్ బండ్లలో విద్యుత్ స్టార్టరు వచ్చుటతో తీరెను. చిత్రమేమనగా, విద్యుత్ బండిని వీధుల నుండి తరిమివేసిన కారణములలో ఒకటి ఒక చిన్న విద్యుత్ మోటారే.

1991లో జపానులోని సోనీ కంపెనీ లిథియం అయాన్ ఘటములను విపణిలో ప్రవేశపెట్టుటతో స్థితి మారనారంభించెను. ఇవి కిలోగ్రామునకు 150 నుండి 250 వాట్-గంటల వరకు శక్తిని నిలువచేయగలవు. వీటికి పునాది వేసిన జాన్ గుడెనఫ్, స్టాన్లీ విట్టింగ్‌హామ్, అకీరా యోషినోలకు 2019లో రసాయన శాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను.

అడవిలో ప్రవేశము

2013లో ల్యాండ్ రోవర్ కంపెనీ జెనీవా ప్రదర్శనలో తన డిఫెండర్ బండిని విద్యుత్తుతో నడచునట్లు మార్చి చూపెను. పరీక్షల కొరకు ఇట్టివి ఏడు బండ్లు చేసిరి. అందు 70 కిలోవాట్ల మోటారు, 27 కిలోవాట్-గంటల లిథియం బ్యాటరీ ఉండెను. ఒకసారి విద్యుత్తు ఎక్కించిన 80 కిలోమీటర్లకు పైగా నడచును. నెమ్మదిగా బాటలేని నేలపై నడచునపుడు ఎనిమిది గంటల వరకు పని చేయగలదని కంపెనీవారు ప్రకటించిరి. ఆ బండ్లను వారు అమ్మకమునకు తేలేదు. కాని ఈ పని అసాధ్యము కాదని లోకమునకు తెలిసినది.

మరుసటి సంవత్సరము చోబే నదీ తీరమున విద్యుత్ సఫారి ఆరంభమయ్యెను. 2016లో జాంబియా దేశపు కఫూయే జాతీయ వన ప్రాంతమునకును, 2018లో టాంజానియాకును ఇట్టి బండ్లు చేరెను. అదే 2018లో దక్షిణాఫ్రికాలోని సాబీ సాండ్ అభయారణ్యమున చీతా ప్లెయిన్స్ అను విడిదివారు విద్యుత్ ల్యాండ్ క్రూయిజర్లను తెచ్చిరి. కెన్యాలో 2017లో స్థాపింపబడి, 2022లో రోమ్ అను పేరు దాల్చిన ఓపిబస్ కంపెనీ పాత డీజిల్ బండ్లను విద్యుద్వాహనములుగా మార్చు పనిని చేపట్టెను. మసాయి మారాలోని ఎంబూ అను విడిది సూర్యరశ్మితో విద్యుత్తు ఎక్కించిన బండ్లనే నడపసాగెను.

ఈ మార్పిడి పద్ధతి గమనింపదగినది. పాత బండి నుండి ఇంజను, ఇంధనపు తొట్టి, పొగగొట్టము తీసివేయుదురు. చట్రము, చక్రములు, ఆసనములు యథాతథముగ ఉండును. ఖాళీ అయిన చోట మోటారును, బ్యాటరీ పెట్టెలను బిగింతురు. నీటి మడుగులు దాటవలెను గనుక వాటిలోనికి నీరు, దుమ్ము చొరకుండ గట్టిగ మూయుదురు. గట్టి చట్రము గల బండి ఒకటి రెండవ జన్మ ఎత్తినట్లగును.

సఫారికి ఈ బండి తగియుండుటకు హేతువులు

నగరముల మధ్య దూర ప్రయాణమునకు పనికిరాని విద్యుద్వాహనము కూడ సఫారికి చక్కగా సరిపోవును. దీనికి నాలుగు హేతువులు గలవు.

మొదటిది వేగము. సఫారి బండి గంటకు 20, 30 కిలోమీటర్లకు మించి పోదు. వేగము హెచ్చినపుడు టైర్ల ధ్వనియే ముఖ్యమై, విద్యుద్వాహనమునకు డీజిల్ బండికి చప్పుడులో భేదము తగ్గును. నెమ్మదిగా పోవునపుడే ఆ భేదము అధికముగా తెలియును.

రెండవది లాగు బలము. డీజిల్ ఇంజను కొంత వేగముగ తిరిగిన గాని తగినంత బలము నీయదు. విద్యుత్ మోటారు తిరుగనారంభించిన క్షణముననే పూర్తి బలము నిచ్చును. ఇసుకలో కూరుకొన్న చక్రమును మెల్లగా పైకి తెచ్చుటకు ఇది అనుకూలము. పల్లమునకు దిగునపుడు మోటారు డైనమోవలె పనిచేసి బండి వేగమును అదుపు చేయుచు, కొంత విద్యుత్తును తిరిగి బ్యాటరీకి చేర్చును.

మూడవది నిలుపుదల. సఫారిలో బండి నిలిచియుండు సమయము చాల ఎక్కువ. డీజిల్ బండి నిలిచియున్నను ఇంజను తిరుగుచున్నంతసేపు ఇంధనము కాలుచునే ఉండును. విద్యుత్ మోటారు నిలిచినపుడు ఏమియు ఖర్చు కాదు.

నాలుగవది కాలక్రమము. యాత్రికులు తెల్లవారుజామున ఒకసారి, సాయంకాలము ఒకసారి అడవికి పోవుదురు. మధ్యాహ్నపు ఎండలో మృగములును, మనుష్యులును నీడకు చేరుదురు. ఆ ఎండయే సూర్య ఫలకములకు పని చేయు వేళ. బండి విడిదిలో ఊరక నిలిచిన సమయమునకు, సూర్యుడు విద్యుత్తు నిచ్చు సమయమునకు పొత్తు కుదిరినది.

మరియొక లెక్క చూతము. పైన చెప్పిన డిఫెండరు 27 కిలోవాట్-గంటలతో 80 కిలోమీటర్లు నడచును. కనుక కిలోమీటరునకు సుమారు మూడింట ఒక వంతు కిలోవాట్-గంట చాలును. ఒక పూట 30 కిలోమీటర్లు తిరిగిన ఖర్చు 10 కిలోవాట్-గంటలు, రెండు పూటలకు 20. ఒక కిలోవాటు సామర్థ్యము గల ఫలకములు మంచి ఎండలో దినమునకు సుమారు 5 కిలోవాట్-గంటలు ఇచ్చుననుకొనినచో, ఒక బండికి నాలుగు కిలోవాట్ల ఫలకములు సరిపోవును. అదే దూరము డీజిల్ బండి లీటరునకు 7 కిలోమీటర్ల చొప్పున నడచిన, దినమునకు ఎనిమిదిన్నర లీటర్లు కావలెను. లీటరు డీజిలు మండిన సుమారు 2.7 కిలోగ్రాముల కార్బన్ డయాక్సైడు పుట్టును. అనగా దినమునకు ఒక్క బండి నుండి సుమారు 23 కిలోగ్రాములు. దూరపు అడవికి ఆ డీజిలును మోసికొనివచ్చు లారీ పొగ దీనికి అదనము.

లోపములు, సందేహములు

పొగ పోయినదని పూర్తిగా సంతోషించుటకు ముందు ఆ విద్యుత్తు ఎక్కడ పుట్టినదో అడుగవలెను. కెన్యా ఈ విషయమున అదృష్టశాలి. నైవాషా సరస్సు సమీపమున ఒల్కారియా వద్ద భూగర్భపు వేడి ఆవిరితో 1981 నుండి విద్యుత్తు తీయుచున్నారు. అది హెల్స్ గేట్ జాతీయ వనమునందే ఉన్నది. దక్షిణాఫ్రికాలోను, బోట్స్వానాలోను విద్యుత్తు ప్రధానముగా బొగ్గు నుండి వచ్చుచున్నది. అక్కడ ప్రభుత్వపు తీగ నుండి విద్యుత్తు ఎక్కించిన బండి అడవిలో పొగ విడువదు గాని, దూరమున ఒక పొగగొట్టము దాని కొరకు పొగ విడుచుచుండును. అట్టి చోట్ల సూర్య ఫలకములు ఉన్నప్పుడే లాభము సంపూర్ణము.

బ్యాటరీల సంగతియు అట్టిదే. అనేక లిథియం ఘటములలో కోబాల్టు అను లోహము వాడుదురు. ప్రపంచమునందలి కోబాల్టులో సగమునకు మించి కాంగో ప్రజాతంత్ర రిపబ్లికు గనుల నుండియే వచ్చుచున్నది. ఆ గనులలో కొన్నింట బాలురు కూడ ప్రమాదకర స్థితులలో పని చేయుచున్నట్లు వెల్లడి అయినది. ఆఫ్రికాలో ఒక అడవిని ప్రశాంతముగ ఉంచుటకు ఆఫ్రికాలోనే మరియొక చోట భూమిని, మనుష్యులను పీడించుట న్యాయము కాదు. కోబాల్టు అక్కరలేని ఇనుము, ఫాస్ఫేటు ఘటములు వ్యాపించుట ఇందుకు కొంత పరిష్కారము.

నిశ్శబ్దము చేయగలది, చేయలేనిది

నిశ్శబ్ద వాహనముల వలన కాపలాదారులకును మేలు కలదు. పెట్రోలు మోటారు సైకిలు చప్పుడు దొంగ వేటగాండ్రకు దూరము నుండియే హెచ్చరికగా ఉండును. 2021 ప్రాంతమున దక్షిణాఫ్రికాలోని వన్యప్రాణి రక్షకుల కళాశాలలో స్వీడన్ దేశపు విద్యుత్ మోటారు సైకిళ్లను ఇందుకై పరీక్షించిరి. చప్పుడు లేకుండ పోవు రక్షకుడు ఖడ్గమృగమునకు మంచి మిత్రుడు.

కాని యాత్రికుని విషయమున 1920 నాటి పాఠము మరువరాదు. సింహము భయపడని బండి సింహమునకు ఎంతో దగ్గరకు పోగలదు. విద్యుత్ బండి ఇంకను దగ్గరకు పోగలదు. చప్పుడు లేదను ధైర్యముతో పది బండ్లు ఒక జంతువును చుట్టుముట్టినచో, ఆ జంతువునకు దారి మూసికొనిపోవుట డీజిల్ బండ్ల వలన ఎట్లో వీటి వలనను అట్లే.

మసాయి మారాలో చీతాలపై జరిగి, 2018లో ప్రకటింపబడిన ఫెమ్కె బ్రూఖైస్ పరిశోధన ఈ విషయమున కన్నులు తెరిపించునది. యాత్రికుల రద్దీ తక్కువగానున్న ప్రదేశములలో తల్లి చీతా ఒక్కొక్క కాన్పులో సగటున 2.3 పిల్లలను పెంచి పెద్దచేయగలిగెను. రద్దీ ఎక్కువైన ప్రదేశములలో ఆ సగటు 0.2 మాత్రమే. చీతా పగటివేళ వేటాడును. పొంచియున్నపుడు బండ్లు అడ్డువచ్చినచో వేట తప్పును, వేట తప్పినచో పిల్లలకు ఆహారము తప్పును. ఇట్టి నష్టమునకు కారణము ఇంజను శబ్దము ఒక్కటియే కాదు, బండ్ల సంఖ్యయు, సామీప్యమును కూడ. అందుచేతనే మారా నియమములు ఒక జంతువు చెంత ఐదింటికి మించి బండ్లు ఉండరాదనియు, 25 మీటర్ల దూరము పాటింపవలెననియు చెప్పుచున్నవి. ఈ నియమములు డీజిల్ బండికి ఎంత అవసరమో, విద్యుత్ బండికిని అంతే అవసరము.

సఫారి చరిత్రలో రైలు దూరమును తగ్గించెను. మోటారు బండి భయమును తగ్గించెను, దానితో పాటు మృగములకున్న రక్షణను కూడ తగ్గించెను. అప్పుడు శాసనములు చేసి ఆ నష్టమును కొంత సరిచేసికొనవలసివచ్చెను. నేడు విద్యుత్ మోటారు చప్పుడును, పొగను తొలగించుచున్నది. ఎన్ని బండ్లు పోవలెను, ఎంత దూరమున నిలువవలెను, ఎప్పుడు వెనుకకు తిరుగవలెను అనునవి మాత్రము ఏ మోటారును నిర్ణయింపజాలదు. చోబే నది ఒడ్డున నిశ్శబ్దముగ నిలిచిన బండిలోని యాత్రికుడు ఏనుగుల ఊపిరి వినగలుగుచున్నాడు. అవి నీరు త్రాగి తమంతట తాము అడవిలోనికి మరలిపోవు వరకు ఓపికతో దూరముగ నిలువగలిగిననాడు ఈ కొత్త వాహనము తన ప్రయోజనమును నెరవేర్చినట్లగును.